పాలీహౌస్‌లో చలికాలపు తేమ, వేసవి ముంగిటి వేడి

మార్గశిరం నుంచి మాఘం వరకు చేవెళ్ల, మొయినాబాద్, కుప్పం, మదనపల్లె వంటి ప్రాంతాల పాలీహౌస్‌లలో పెరిగే క్యాప్సికం, కీర దోస తోటలకు పగటి వాతావరణం దాదాపు అనుకూలంగానే ఉంటుంది కానీ, తెల్లవారుజామున మాత్రం పంటకు అపాయం పొంచి ఉంటుంది. వేసవి ఎండకు జంకి షేడ్‌నెట్‌లకూ ఫాగర్లకూ వేలు ఖర్చు పెట్టే రైతులు సైతం చలికాలపు రాత్రి తేమను లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల, కాయ కుళ్లిన తరువాత మందులు కొట్టవలసిన పరిస్థితి ఏటా ఎదురవుతోంది. వేడిని ఒకసారీ తేమను మరొకసారీ విడివిడిగా సరిదిద్దాలనుకోవడమే ఈ నష్టానికి మూలం, ఎందుకంటే ఈ రెండింటిలో ఒకటి మారిన ప్రతిసారీ రెండోది కూడా మారుతుంది.

గాలి వేడెక్కే కొద్దీ ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకుంటుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని పట్టి ఉంచగా, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములకు, 15 డిగ్రీల వద్ద 13 గ్రాములకు మించి పట్టి ఉంచలేదు. ఈ గరిష్ఠ పరిమాణంలో ప్రస్తుతం ఉన్న ఆవిరి ఎంత శాతమో తెలిపేది సాపేక్ష ఆర్ద్రత. సాయంత్రం 30 డిగ్రీల వేడిలో 60 శాతం ఆర్ద్రత ఉన్నప్పుడు పక్క తెరలు బిగించి మూసివేస్తే, లోపలికి ఒక్క చుక్క నీరు అదనంగా చేరకపోయినా, ఉష్ణోగ్రత 21 డిగ్రీల దరిదాపులకు దిగేసరికి అదే గాలి పూర్తిగా తడితో నిండిపోయి, మిగిలిన ఆవిరి పైకప్పు రేకు మీదా ఆకుల మీదా నీటి బిందువులుగా పేరుకుంటుంది. ఆవిరి ఇలా నీరుగా మారే ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు.

అయితే ఆర్ద్రత శాతం ఒక్కటే మొక్క స్థితిని తెలపదు. గాలి ఇంకా ఎంత ఆవిరిని పీల్చుకోగలదో చూపే ఆవిరి పీడన లోటు అనే కొలతను కిలోపాస్కల్‌లలో లెక్కిస్తారు. ఆర్ద్రత 70 శాతమే అయినా, 25 డిగ్రీల వద్ద ఈ లోటు దాదాపు 0.95 ఉండి మొక్కకు హాయిగా ఉంటుంది, 35 డిగ్రీల వద్ద మాత్రం 1.7కు చేరి ఆకుల నుంచి నీటిని బలంగా లాగుతుంది. కూరగాయ పంటల్లో 0.5 నుంచి 1.2 వరకు ఉండే లోటు మేలు చేస్తుంది. 2 దాటితే ఆకులోని పత్రరంధ్రాలు మూసుకొని ఎదుగుదల మందగిస్తుంది. 0.3 కంటే తగ్గితే ఆకుల నుంచి నీరు ఆవిరై పోయే ప్రక్రియ, అంటే బాష్పోత్సేకం, దాదాపు నిలిచిపోతుంది. బాష్పోత్సేకంతో పాటే కాల్షియం వేర్ల నుంచి పైకి కదులుతుంది కాబట్టి, అతి తేమలో లేత భాగాలకు అది అందదు, అతి వేడిలో వచ్చినదంతా ఆకులకే పోయి కాయకు మిగలదు. క్యాప్సికం కాయ కింది కొస నల్లబడి కుంగిపోవడం చూసి, నేలలో కాల్షియం లేదనుకొని ఎరువు గుమ్మరించే ముందు, గాలిని ఒకసారి కొలిచి చూడడం ఎంతో అవసరం.

చలికాలపు రాత్రిలో మరొక చిక్కు ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి సాధారణ పాలిథీన్ రేకు లోపలి వేడిని ఆకాశం వైపు వదిలేస్తుంది కాబట్టి, గాలి కదలని పాలీహౌస్‌లో ఆకు ఉష్ణోగ్రత చుట్టూ ఉన్న గాలి కంటే తక్కువకు పడిపోయి, ఆర్ద్రతను కొలిచే పరికరం 93 శాతమే చూపుతున్నప్పటికీ ఆకు మీద తడి చేరవచ్చు. ఇలా గంటల తరబడి నిలిచిన తడి, 15 నుంచి 20 డిగ్రీల చల్లదనంతో కలిసినప్పుడు, కీర దోసలో బూజు తెగులుకూ, క్యాప్సికంలో పూలనూ కాడలనూ పట్టే బోట్రైటిస్ అనే బూడిదరంగు బూజుకూ పుట్టిల్లు అవుతుంది. సూర్యోదయం తరువాతి గంట మరీ ప్రమాదకరమైనది. ఎండ తగలగానే గాలి త్వరగా వేడెక్కి, నేల నుంచీ ఆకుల నుంచీ వచ్చే ఆవిరితో బరువెక్కుతుంది కానీ, కండగల కాయ రాత్రి చల్లదనాన్ని అంత త్వరగా వదలదు కాబట్టి, ఆ ఆవిరి కాయ మీదే నీరుగా పడుతుంది. చలి పోయేదాకా తెరలు మూసి ఉంచి, తొమ్మిదింటికో పదింటికో తెరిచే అలవాటు ఈ కారణంగానే హాని చేస్తుంది. సూర్యుడు పైకి రాకముందే గాలి వచ్చే దిశకు అవతలి వైపున ఉన్న తెరను బెత్తెడు దించి, పైకప్పు గవాక్షం ద్వారా తడిగాలిని బయటికి పంపి, ఆపై ఎండ ముదిరే కొద్దీ మిగిలినవి తెరవడం సరైన పద్ధతి. ఇందువల్ల లోపలి వేడి కాసేపు ఒకటి రెండు డిగ్రీలు తగ్గినా, పంటకు జరిగే మేలుతో పోలిస్తే ఆ నష్టం స్వల్పం.

అలాగని రాత్రంతా తెరలు తెరిచి ఉంచడం కూడా తగదు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కంటే దిగజారితే క్యాప్సికం పుప్పొడి శక్తి తగ్గి, గింజలు లేని చప్పిడి కాయలు కాస్తాయి. లోపలి థర్మల్ స్క్రీన్‌ను సూర్యాస్తమయానికి ముందే పరిస్తే ఆకుల వేడి నిలుస్తుంది, దాని అంచున సన్నని సందు వదిలితే కింద చేరిన తేమ పైకి పోతుంది. డ్రిప్ నీటిని ఉదయమే ముగించడం, బోదెల మీద మల్చింగ్ షీటు పరచడం, నడక దారుల్లో నీరు నిలవనీయకపోవడం, కింది ముదురాకులను పొడి వేళలో తుంచి పారవేయడం వంటి చిన్న పనులు రాత్రి తేమను మొదట్లోనే తగ్గిస్తాయి.

కొలత నమ్మదగినది కాకపోతే ఈ శ్రమంతా వృథా అవుతుంది. పరికరాన్ని స్తంభానికి ఎండలో కాక, పంట కొసల ఎత్తులో నీడపట్టున గాలి ఆడేచోట వేలాడదీయాలి. డిజిటల్ పరికరాలు కాలక్రమంలో తప్పుతాయి కాబట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో తడిసి ముద్దైన వంట ఉప్పును ఒక చిన్న గిన్నెలో ఉంచి, పక్కనే పరికరాన్ని పెట్టి కొన్ని గంటలు వదిలితే, గది ఉష్ణోగ్రతలో అది 75 శాతం దగ్గర చూపాలి, ఎంత తేడా వస్తే అంత సవరించుకోవాలి. తడి, పొడి బల్బుల ఉష్ణమాపకం అంతకంటే చవక. పొడి బల్బు 20, తడి బల్బు 19 చూపితే ఆర్ద్రత 91 శాతం, అవే 30, 25 అయితే సుమారు 67 శాతం.

శివరాత్రి దాటాక సమస్య తలకిందులవుతుంది. పగలు 32 డిగ్రీలు మించినా, రాత్రులు వెచ్చబడినా క్యాప్సికం పూత రాలుతుంది, పొడి వేడిలో నల్లి, తామర పురుగులు విజృంభిస్తాయి, బూడిద తెగులుకు నీటి తడి కూడా అక్కరలేదు. ఫాగర్ల చల్లదనానికి తడి బల్బు ఉష్ణోగ్రతే హద్దు. గాలి 40 డిగ్రీలు, ఆర్ద్రత 20 శాతం ఉండే రాయలసీమ, తెలంగాణ మధ్యాహ్నాల్లో తడి బల్బు 22 లేదా 23 వరకు ఉంటుంది కాబట్టి, కొద్ది సెకన్ల చొప్పున మధ్యలో విరామమిస్తూ వదిలే పొగమంచు మంచి ఫలితమిస్తుంది. 36 డిగ్రీలు, 65 శాతం ఉండే కోస్తా మధ్యాహ్నాల్లో మాత్రం ఆ హద్దు 30 దగ్గరే ఉంటుంది కాబట్టి, అక్కడ ఫాగర్ కంటే గవాక్షాలను పూర్తిగా తెరవడానికీ, షేడ్‌నెట్ వేయడానికీ ప్రాధాన్యం ఇవ్వాలి, తెరలకున్న కీటక నిరోధక వలల దుమ్మును తరచూ కడిగి గాలి దారిని కాపాడాలి. ఎక్కడైనా ఫాగర్లను మధ్యాహ్నం 3 గంటలకల్లా ఆపివేస్తే, సూర్యాస్తమయానికి ముందే ఆకులు ఆరడానికి వ్యవధి దొరుకుతుంది.