పిచ్చుకకి గింజ, పిచ్చుక పిల్లకి పురుగు: ఫాల్గుణ, చైత్రాల్లో పెరట్లో చేసుకోవాల్సిన పనులు



పైన వీడియోలో కూతలు వినపడుతున్నాయి కదండీ, అవి మా పెరట్లోవే. పామర్రు దగ్గర మా ఊళ్లో, పొద్దున్నే ఆరింటికి వేపచెట్టు కింద స్టూలు మీద ఫోను పెట్టి తీశాం. మినుము పీకి, నూర్చి, ఇంటికి చేర్చుకున్నాం. ఈ ఏడు దాళ్వా వెయ్యలేదు. ఉగాదికి ఇంకా కొన్ని రోజులుంది. వేప పూతకొచ్చింది, మామిడి పిందె పడుతోంది, కోకిల నాలుగింటికే మొదలెడుతోంది. రైతుకి కాస్త తీరిక దొరికేది ఈ రోజుల్లోనే కాబట్టి పెరడు గురించి మాట్లాడుకుందాం.

మన డెల్టాలో సంక్రాంతికి వరికంకులతో కుంచె అల్లి వసారా దూలానికి కట్టడం తాతల నాటి నుంచీ ఉంది. గుడి మండపాల్లో కూడా కడతారు. పిచ్చుకలొచ్చి గింజ ఒలుచుకుని తింటుంటే చూడటానికి ఎంత బాగుంటుందో. మా అమ్మ అల్లినంత నున్నగా మా వీధిలో ఇంకెవరూ అల్లలేరు. కాకపోతే ఆ కుంచె ఒక్కటే సరిపోతుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అది ఎంత పొరపాటో తెలియడానికి ఒక గూడు పోయింది. ముందు అది చెప్తాను.

అప్పటికి నేను ప్రకృతి వ్యవసాయంలోకి రాలేదు. మాది పెంకుటిల్లు. వసారాలో దేవుడి పటం వెనకాల పిచ్చుకలు గూడు పెట్టాయి. పెరట్లో చిక్కుడు పందిరికి పేనుబంక పట్టింది, తీగ కొసలన్నీ నల్లగా జిగురు కట్టాయి. పొలంలో మిగిలిన మోనోక్రోటోఫాస్ డబ్బాలో అడుగున కాస్త ఉంటే, అది నీళ్లలో కలిపి పందిరంతా తడిసేలా కొట్టేశాను. కూరగాయల మీద ఆ మందు కొట్టకూడదని ప్రభుత్వం 2005లోనే ఆంక్ష పెట్టిందట, నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు కూడా. మూడో రోజు పొద్దున పటం కింద రెండు పిల్లలు పడి ఉన్నాయి, ఇంకా కళ్లు కూడా తెరవలేదు. పటం తీసి చూస్తే లోపల ఇంకో రెండు. విషం తిని పోయాయో, తల్లికి పురుగు దొరక్క తిండి లేక పోయాయో నేను చెప్పలేను. రెండిట్లో ఏదైనా చేసింది నేనే. అమ్మ ఏమీ అనలేదు. తర్వాత రెండు సంక్రాంతులు మాత్రం కుంచె అల్లలేదు. అడిగితే "చేతులు నొప్పిరా" అనేది. ఆ చిక్కుడుకాయలు మేం కూడా వండుకుని తిన్నాం, అది వేరే సంగతి.

మోనోక్రోటోఫాస్ పక్షులకి ఎంత విషమో తర్వాత చదివాను. 1995-96లో అర్జెంటీనాలో మిడతల కోసం పొలాల్లో ఈ మందు కొడితే, ఆ మిడతల్ని తిన్న గద్దలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. అంత పెద్ద గద్దకే అలా అయితే, వేలెడంత లేని పిచ్చుక పిల్ల ఎంత?

ఇక అసలు పాఠం. పెద్ద పిచ్చుక గింజ తింటుంది. పిల్ల మాత్రం మొదటి రోజుల్లో గింజ అరిగించుకోలేదు. దానికి మెత్తటి పురుగు కావాలి: పేనుబంక, ఆకుపచ్చ లద్దెపురుగు, చిన్న మిడత, సాలీడు. ఎదగడానికి కావాల్సిన మాంసకృత్తులు అందులోనే ఉంటాయి. పిగిలిపిట్ట పండ్లు తింటుంది, తేనెపిట్ట తేనె తాగుతుంది, కానీ పిల్లలకి పెట్టే రోజులొస్తే రెండూ పురుగులకే పోతాయి. గుడ్డు పొదగడానికి పిచ్చుకకి పన్నెండు రోజుల పైచిలుకు, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. మొన్న మా పెట్టె ముందు కూర్చుని లెక్కపెట్టాను. ఆడది, మగది కలిపి గంటలో పదహారుసార్లు నోట్లో ఏదో ఒకటి పట్టుకొచ్చాయి. రోజుకి పది గంటలు వేసుకున్నా నూట అరవై సార్లు, రెండు వారాలకి రెండు వేల పైమాటే. ఒక్క గూటికే అన్ని పురుగులు పెరట్లో దొరకాలి. మనం ఒక్క పురుగు కూడా ఉండకూడదని కూర్చుంటే అవి ఎక్కడికి పోతాయి?

ఇక్కడ మనవాళ్లు కొందరికి కోపం రావచ్చు, అయినా చెప్తాను. "మేం రసాయనం కొట్టం, కషాయాలే కొడతాం, పిట్టలకి ఏం కాదు" అంటారు. వారం వారం క్యాలెండరు చూసుకుని నీమాస్త్రం, అగ్నిఅస్త్రం కొట్టేవాళ్లని నేను చూశాను. అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. పొగాకులో ఉండే నికోటిన్ కూడా విషమే, ఆవు మూత్రంలో ఉడికించినంత మాత్రాన అమృతం అయిపోదు. నీమాస్త్రం అంత ఘాటు కాదు, కానీ పెరడంతా తడిపితే పురుగులు తగ్గుతాయి, పిట్ట పిల్లల తిండీ తగ్గుతుంది. అందుకే ఈ రెండు నెలలు ఇంటి పెరట్లో అగ్నిఅస్త్రం నేను అసలు వాడను. నీమాస్త్రం కూడా పట్టిన కొమ్మకే, చేత్తో.

పెరటికి సరిపడా పది లీటర్లు చేసుకునే లెక్క: అరకిలో వేపాకు దంచి, అరలీటరు ఆవు మూత్రం, రెండొందల గ్రాముల పేడ వేసి, పది లీటర్ల నీళ్లలో కలిపి నీడలో ఒక రోజంతా ఉంచాలి. పొద్దున, సాయంత్రం కర్రతో తిప్పాలి. గుడ్డతో వడకట్టి అలాగే వాడుకోవచ్చు, మళ్లీ నీళ్లు కలపక్కర్లేదు. పాత గుడ్డ ముంచి పేనుబంక పట్టిన కొసని తుడిచేస్తే చాలు. దానికి ముందు ఒక్క పని చెయ్యండి: ఆ కొస మీద అక్షింతల పురుగులు ఉన్నాయేమో చూడండి. ఎర్రటివీ, వాటి పిల్లలు నల్లగా మొసలి పిల్లల్లాగా ఉండేవీ కనపడితే ఆ కొమ్మ జోలికే వెళ్లొద్దు. వారం పది రోజుల్లో అవే శుభ్రం చేస్తాయి. మా పందిరికి ఒక పక్క రెండు పాదులు ఎప్పుడూ వదిలేస్తాను. కాయ తక్కువే వస్తుంది, రానివ్వండి.

గూళ్ల సంగతి. పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చాక దూలాల సందులు లేవు, పటాలు గోడకి అతుక్కునే ఉంటున్నాయి. అందుకని చెక్కపెట్టె కట్టాం. కన్నం అంగుళంపావు ఉంటే పిచ్చుకకి సరిపోతుంది, గోరింక పట్టదు. కన్నం కింద కూర్చోడానికి పుల్ల పెట్టకండి. పిచ్చుకకి అది అక్కర్లేదు, కాకి వచ్చి వాలడానికే పనికొస్తుంది. ఎనిమిది పదడుగుల ఎత్తులో, పడమటెండ తగలని చోట కట్టాలి. రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, మన ఏప్రిల్ ఎండకి లోపల పిల్లలు ఉడికిపోతాయి. ఇంట్లో గూడు పెడితే ఆ గది ఫ్యాను సంగతి చూసుకోండి. ఫ్యాను రెక్క తగిలి పోయే పిచ్చుకలు ఎన్నో. మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినోత్సవం అని 2010 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు ఫోన్లలో ఫొటోలు బాగానే తిరుగుతాయి. పెట్టె మాత్రం జనవరిలోనే కట్టాలి, మార్చి 20కి కడితే చాలా జంటలు అప్పటికే ఇల్లు చూసుకుని ఉంటాయి.

ఉగాది ముందు బూజు దులపడం మీద మా ఇంట్లో ఏటా గొడవే. తేనెపిట్ట సంచిలా వేలాడే గూడు కట్టేటప్పుడు గడ్డినీ, పీచునీ సాలెగూటి దారంతోనే అతుకుతుంది. దర్జీ పిట్ట ఆకులు కుట్టడానికి కూడా దూది పీచుతో పాటు ఆ దారాన్ని వాడుతుంది. ఇల్లంతా దులుపుకోండి, పండగ కదా. కానీ పశువుల కొట్టం చూరుని, పెరటి ప్రహరీ మూలని వైశాఖం దాకా వదిలెయ్యమని నేనంటాను. "చుట్టాలొస్తే ఏమనుకుంటారు" అంటుంది మా ఆవిడ. చివరికి కొట్టం నాకు, వసారా తనకి అని పంచుకున్నాం. ఈ ఏడు తేనెపిట్ట గూడు కట్టింది మాత్రం వసారాలో బట్టలారేసే తీగకి. మా ఆవిడే ఇప్పుడు ఆ తీగ మీద బట్టలెయ్యనివ్వడం లేదు.

నీళ్లు. కాలువ కట్టేశాక చేలల్లో, బోదెల్లో తడి ఉండదు. మట్టి మూకుడు వెడల్పాటిది తీసుకుని రెండంగుళాల లోతు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక రాయి వెయ్యండి. పిల్లి దూకడానికి చాటు లేని చోట పెట్టాలి. రోజూ పారబోసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే దోమల్ని పెంచినట్టే. పక్కన కాస్త పొడి మట్టి కూడా వదలండి, పిచ్చుకలు దుమ్ములో పొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటాయి. పెరడంతా సిమెంటు చేస్తే దానికి చోటుండదు.

కోకిల గురించి ఒక మాట. మనం మురిసిపోయే ఆ కూత మగదానిది, నల్లగా ఎర్ర కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, ఆకుల్లో దూరి కిక్ కిక్ అంటుంది. చాలామంది దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. ఎండాకాలం ముదిరాక అది కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాబట్టి కోకిల కావాలంటే కాకి గూడు కూల్చకండి. రామచిలకలు జామకాయలు కొరుకుతాయని అడుగుతారు. 2018లో మన రాష్ట్ర పక్షి అయింది, వేపేమో రాష్ట్ర వృక్షం. అంత హోదా ఇచ్చాక ఒక కొమ్మ ఇవ్వాల్సిందే. మిగతా కాయలకి గుడ్డ సంచులు కట్టుకోండి.

పొలంలో సంగతి క్లుప్తంగా. మినుములో నేను ఎకరానికి పన్నెండు చోట్ల టి ఆకారంలో కర్రలు పాతాను, పైరు కంటే అడుగున్నర ఎత్తుగా. పసలపోలిగాడు, అదే ఏట్రింత, చీకటి పడేదాకా వాటి మీద కూర్చుని వేటాడుతుంది. పొగాకు లద్దెపురుగు సందె వేళకే బయటికొస్తుంది కాబట్టి దానికి బాగా చిక్కుతుంది. మారుకా మచ్చల పురుగు మాత్రం పూతని గూడులా అల్లుకుని లోపలుంటుంది, దానికి పిట్టల్ని నమ్ముకుంటే దెబ్బతింటాం. ఆ గూళ్లు చేత్తో ఏరాల్సిందే. వరిలో అయితే గింజ పాలుపోసుకునే వేళకి కర్రలు తీసెయ్యాలి, లేకపోతే గింజ తినే పిట్టలు వాటి మీదే కూర్చుంటాయి. పిచ్చుకలు ధాన్యం తినవని నేను అనను, గట్టు పక్క కాస్త పోతుంది. 1958లో చైనాలో ధాన్యం తింటున్నాయని పిచ్చుకల్ని దేశమంతా తరిమి చంపారు. పురుగులు, మిడతలు పెరిగేసరికి 1960లో ఆ శత్రువుల జాబితాలోంచి పిచ్చుకని తీసేసి నల్లిని పెట్టారు.

ఇప్పుడు వీడియో చివర్లో కనపడే పెట్టె గురించి. అందులో నాలుగు పిల్లలున్నాయి. తల్లి పిచ్చుక ఎక్కువగా వెళ్లేది మా పందిరికి కాదు, పక్కింటి బాబాయి బొబ్బర మళ్లకి. దానికి పేనుబంక బాగా పట్టింది. పిల్లలు పుట్టిన నాలుగో రోజు సాయంత్రం బాబాయి స్ప్రేయరు కడుగుతూ కనపడ్డాడు. నాకు ఆ పటం గుర్తొచ్చింది. గోడ దగ్గరికెళ్లి, "బాబాయ్, ఒక్క పది రోజులు ఆగుతావా?" అన్నాను.

"ఏరా, నీ పిచ్చుకల కోసం నా బొబ్బర్లు ఎండబెట్టుకోమంటావా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. వారానికి రెండుసార్లు పామర్రు తీసుకెళ్లి అమ్ముకుంటాడు, ఆ డబ్బులతోనే ఇంట్లో కూరా నారా గడుస్తుంది.

"కాయ తగ్గితే ఆ డబ్బులు నేనిస్తా. కొసలు నేనొచ్చి తుడుస్తా" అన్నాను. కాసేపు నాకేసి చూసి స్ప్రేయరు లోపల పెట్టాడు. మర్నాటి నుంచి రోజూ పొద్దున గంటసేపు బాబాయి మళ్లలో కూర్చుని నీమాస్త్రం గుడ్డతో బాగా పట్టిన కొసలు తుడిచాను, మరీ ముడుచుకుపోయినవి తుంచి ఆవుకి వేశాను. అక్షింతల పురుగులున్న మొక్కల్ని పుల్ల గుచ్చి వదిలేశాను. ఆరో రోజుకి బాబాయి కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. కాయ కాస్త తగ్గింది, ఒక కోతకి రెండు కిలోల దాకా. డబ్బులిస్తే తీసుకోలేదు, ఒక సంచీడు ఘనజీవామృతం అడిగి తీసుకున్నాడు.

నాలుగు పిల్లల్లో ఒకటి పోయింది, ఎందుకో తెలీదు. మూడు నిన్న పొద్దున ఎగిరాయి. ఒకటి సూటిగా వెళ్లి బాబాయి దడి మీద వాలి, చాలాసేపు అక్కడే రెక్కలు ఆడిస్తూ తల్లిని తిండి అడిగింది. అమ్మని కుర్చీ వేసి వసారాలో కూర్చోబెట్టాను. "మూడేనా?" అంది.