నీళ్ళు 95 డిగ్రీలకే మరిగే ఊరు

నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి? ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే మీరు తడుముకోకుండా "100 డిగ్రీల సెంటీగ్రేడు" అంటారు. మచిలీపట్నంలోనో, కాకినాడలోనో ఉన్నవాళ్ళు చెబితే ఆ జవాబు సరైనదే. కాని అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో బోల్డర్ అనే ఊరుంది. అక్కడ నీళ్ళు 95 డిగ్రీలైనా చేరకముందే కుతకుత మరగడం మొదలుపెడతాయి. మరుగుతున్నాయి కదా అని కందిపప్పు వేస్తే అది ఎంతకీ ఉడకదు. ఆ ఊరికి చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళు ప్రెషర్ కుక్కర్ పట్టుకుపోతే మంచిది!

కారణం ఆ ఊరి ఎత్తు. బోల్డర్ వీధులు సముద్రమట్టానికి దాదాపు 1,650 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు కూడా 1,700 మీటర్లు దాటవు. అంటే మన కొండ కొమ్ము ఎంత ఎత్తో, వాళ్ళ బజారు ఇంచుమించు అంత ఎత్తన్నమాట! పైకి వెళ్ళేకొద్దీ మన తల మీద ఉండే గాలి తగ్గుతుంది. బోల్డర్‌లో గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో ఆరింట అయిదు వంతులే. నీటిని పైనుంచి నొక్కే వత్తిడి తక్కువ గనుక ఆవిరి బుడగలు తక్కువ వేడికే పైకి లేస్తాయి.

ఊళ్ళో నిలబడి తూర్పుకి చూస్తే కనుచూపు మేర మైదానం. పడమటికి తిరిగితే రాకీ పర్వతాలు. ఇస్త్రీపెట్టెలను వరసగా ఏటవాలుగా నిలబెట్టినట్టు పెద్ద పెద్ద ఎర్రరాతి పలకలుంటాయి. వాటిని ఫ్లాటైరన్స్ అనే పిలుస్తారు. అంటే ఇస్త్రీపెట్టెలే. వాటి నీడలో కొలరాడో విశ్వవిద్యాలయం ఉంది. అది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. ఈనాడు అందులో 35 వేలకు పైగా విద్యార్థులు చదువుతున్నారు. కొండను ప్రయోగశాలగా వాడుకున్న ఈ విద్యాలయం గురించి తెలుసుకుందాం.

మొదట దాని పుట్టుక. 1859లో బంగారం కోసం వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు బోల్డర్. విశ్వవిద్యాలయం అక్కడే పెట్టాలని 1861లోనే శాసనసభ నిర్ణయించింది. కాని చేతిలో డబ్బు లేదు. 1874లో సభ ఒక షరతు పెట్టింది: ఊరివాళ్ళు 15,000 డాలర్లు పోగుచేస్తే, మేమూ అంతే ఇస్తాం. డేవిడ్ నికల్స్ అనే సభ్యుడు రాత్రికి రాత్రి డెన్వర్ నుంచి గుర్రమెక్కి, సుమారు 45 కిలోమీటర్లు దౌడుతీసి, ఊరి పెద్దల మాట తీసుకుని మళ్ళీ సభకు వెళ్ళాడని చెప్పుకుంటారు. ఊరివాళ్ళు సొమ్ము కూడబెట్టారు, భూమి కూడా దానం చేశారు. 1877 సెప్టెంబరులో ఒకే ఒక్క భవనంలో, 44 మంది విద్యార్థులతో చదువు మొదలైంది.

కథ ఇక్కడితో ఆపేస్తే చక్కగానే ఉంటుంది. కాని అది సగం కథే. ఆ లోయ అంతకుముందు అరపాహో అనే ఆదివాసులది. వాళ్ళ నాయకుల్లో ఒకడు నివాట్. ఆ మాటకు అర్థం ఎడమచేతివాటంవాడని. వచ్చినవాళ్ళతో తగవు పెట్టుకోకుండా బతకాలని చూసిన మనిషి. 1864 నవంబరు 29న శాండ్ క్రీక్ అనేచోట, శాంతియుతంగా విడిది చేసిన చెయ్యెన్, అరపాహో జనం మీద సైన్యం విరుచుకుపడింది. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, ముసలివాళ్ళు. నివాట్ కూడా ఆ గాయాలతోనే పోయాడు. ఆ సైన్యంలో ఒక దళానికి నాయకుడు ఎవరో తెలుసా? పది సంవత్సరాల తరువాత గుర్రమెక్కి చదువు కోసం పరుగెత్తిన ఆ నికల్సే. విశ్వవిద్యాలయం ఒక విద్యార్థి వసతిగృహానికి అతని పేరు పెట్టుకుంది. విద్యార్థులు ఊరుకోలేదు. 1989లో ఆ భవనం పేరు మార్చి 'చెయ్యెన్ అరపాహో' అని పెట్టారు. చరిత్రను కూడా విజ్ఞానశాస్త్రం లాగానే చదవాలి. నచ్చిన కొలతలు ఉంచుకుని నచ్చనివి చెరిపేస్తే లెక్క తప్పుతుంది.

నివాట్ పేరు గుర్తుంచుకోండి. ఇప్పుడు మనం ఎక్కబోయే కొండవరుసకు అతని పేరే ఉంది.

బోల్డర్ నుంచి పడమరగా 40 కిలోమీటర్లు వెళ్తే, 2,900 మీటర్ల ఎత్తున విశ్వవిద్యాలయపు పర్వత పరిశోధనా కేంద్రం ఉంది. దాని పైన నివాట్ రిడ్జ్. కింద పైన్ చెట్ల అడవి. ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివై, గాలి వీచే దిక్కుకు వంగిపోతాయి. ఇంకా పైకి పోతే అసలు చెట్లే ఉండవు. నేలను అంటిపెట్టుకుని, దిండుల్లా గుబురుగా పెరిగే మొక్కలు మాత్రం కనిపిస్తాయి. ఉత్తర ధ్రువం దగ్గర ఉండే టండ్రా ఇలాగే ఉంటుంది. భూమి మీద వేల కిలోమీటర్లు ఉత్తరానికి పోతే కనిపించే మార్పులన్నీ ఇక్కడ ఒక్కరోజు నడకలో కనిపిస్తాయి.

1950ల మొదట్లో జాన్ మార్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ కొండ వాలు మీద వేరువేరు ఎత్తుల్లో నాలుగు వాతావరణ కేంద్రాలు పెట్టాడు. అన్నిటికన్నా పైది 3,700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ కొలతలు తీసుకోవాలంటే నడివేసవిలో సరే, మరి మాఘమాసపు చలిలో? మంచులో నడిచి, మనిషిని పడదోసే గాలిని తట్టుకుని పోవాలి. పోయారు. ఇప్పటికీ పోతున్నారు. ఉష్ణోగ్రత రాసుకోవడంలో గొప్పేముంది అని మీకు అనిపించవచ్చు. ఒక్కరోజు రాస్తే ఏమీ లేదు. ఒక సంవత్సరం రాసినా పెద్దగా తెలిసేది ఉండదు. డెబ్బై ఏళ్ళు విడవకుండా రాస్తే, కొండ వేడెక్కుతోందా లేదా అన్న ప్రశ్నకు ఊహతో పనిలేకుండా జవాబు చెప్పవచ్చు. నన్నడిగితే ఈ విశ్వవిద్యాలయం చేసిన పనుల్లో అన్నిటికన్నా ఓపిక కావలసింది ఇదే.

1968 నుంచి ఇదే కొండ మీద గాజుకుప్పెల్లో గాలి పట్టి పరీక్షిస్తున్నారు. ఊళ్ళ పొగ అంతగా సోకని గాలి కావాలి కనుక కొండను ఎంచుకున్నారు. ఆ పరీక్షలు మొదలైననాడు ప్రపంచపు గాలిలో ప్రతి పదిలక్షల వంతులకు బొగ్గుపులుసు వాయువు సుమారు 323 వంతులుండేది. 2024 నాటికి అది 420 దాటింది. ఈ వాయువు సూర్యుని వేడిని దుప్పటిలా పట్టి ఉంచుతుందని మీకు తెలుసు కదూ!

ఎత్తు వల్ల ఇంకో లాభం ఉంది. సూర్యుని చుట్టూ ఉండే పలుచని వెలుగును కరోనా అంటారు. అది మామూలుగా సంపూర్ణ సూర్యగ్రహణం నాడే, కొన్ని నిమిషాలపాటే కనిపిస్తుంది. దుమ్ములేని పలుచని గాలి ఉన్నచోట, దుర్భిణిలో సూర్యబింబానికి ఒక బిళ్ళ అడ్డుపెడితే గ్రహణం లేకుండానే చూడవచ్చు. 1940లో వాల్టర్ రాబర్ట్స్ అనే యువకుడు కొలరాడోలో క్లైమాక్స్ అనే గనుల ఊళ్ళో, 3,400 మీటర్ల ఎత్తున ఇలాంటి దుర్భిణి పెట్టాడు. 1946 నుంచి హార్వర్డ్‌తో పాటు కొలరాడో విశ్వవిద్యాలయం కూడా ఆ వేధశాల బాధ్యత తీసుకుంది. అలా సూర్యుని చదివేవాళ్ళు బోల్డర్ చేరారు.

కాని ఎంత ఎత్తు కొండైనా గాలి పూర్తిగా పోదు. సూర్యుని అతినీలలోహిత కిరణాలు చాలావరకు పైగాలిలోనే ఆగిపోతాయి. వాటిని పట్టాలంటే కొండ చాలదు, రాకెట్టు కావాలి. 1948లో విశ్వవిద్యాలయంలో ఒక చిన్న బృందం, గిరగిర తిరిగే రాకెట్టులో కూడా పరికరం సూర్యుని వైపే చూసేలా చేసే యంత్రం కట్టడానికి పూనుకుంది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పుట్టింది 1958లో. అంటే ఈ బృందం నాసా కన్నా పదేళ్ళు పెద్దది! అన్నట్టు, ఈ బృందంలో కొందరు తరువాత పచ్చళ్ళూ, పళ్ళూ నిలవచేసే గాజుజాడీల వ్యాపారానికి పేరుపొందిన బాల్ సోదరుల కంపెనీలో చేరి, అంతరిక్ష పరికరాల తయారీ మొదలుపెట్టారు. మిగిలినవాళ్ళ బృందం పెరిగి పెద్దదై, సౌరకుటుంబంలోని ప్రతి గ్రహానికీ తన పరికరాలను పంపింది.

ఇందులో విద్యార్థుల పాలు ఎంతో తెలిస్తే మీరు ఆశ్చర్యపోతారు. 2006లో ప్లూటో వైపు బయలుదేరిన న్యూ హొరైజన్స్ నౌకలో ధూళి రేణువులను లెక్కపెట్టే పరికరం ఒకటుంది. దాన్ని కట్టింది ఇక్కడి విద్యార్థులే. 2015 జూలైలో ఆ నౌక ప్లూటోను దాటిపోయేనాటికి, దాన్ని కట్టిన వాళ్ళు చదువులు ముగించి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు!

ఇక్కడ చదివిన ఇద్దరిని ఇక్కడే తలచుకోవాలి. ఎలిసన్ ఒనిజుకా 1986 జనవరి 28న చాలెంజర్ ప్రమాదంలో మరణించాడు. రెండో పేరు మీకు బాగా తెలుసు. హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా 1988లో ఈ విశ్వవిద్యాలయం నుంచే డాక్టరేటు పొందింది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక తిరిగివస్తూ, దిగడానికి పావుగంట ముందు గాలిలోనే ముక్కలైపోయింది.

ఇప్పటిదాకా పైకి ఎక్కాం. ఇక ఊళ్ళోకి దిగి, ఒక గదిలో బల్ల మీద ఉన్న పరికరం చూద్దాం. నివాట్ కొండ మీద చలి ఎంతైనా ఉండవచ్చు. నక్షత్రాల మధ్య శూన్యంలో ఇంకా చలి. అక్కడ ఉష్ణోగ్రత పరమశూన్యం కన్నా 2.7 డిగ్రీలే ఎక్కువ. పరమశూన్యం అంటే మైనస్ 273.15 డిగ్రీల సెంటీగ్రేడు. అంతకన్నా చల్లదనం ఉండదు. అయితే 1995 జూన్ 5న బోల్డర్‌లో ఆ గదిలో పుట్టిన చలి ముందు నక్షత్రాల మధ్య చలి మండుటెండ లాంటిది.

దీనికి మూలం మన దేశంలో ఉంది. 1924లో ఢాకాలో పాఠాలు చెబుతున్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతికణాలను లెక్కించే కొత్త పద్ధతి కనిపెట్టి ఐన్‌స్టీన్‌కు రాసి పంపాడు. ఐన్‌స్టీన్ దాన్ని పరమాణువులకు వర్తింపజేసి, ఒక విచిత్రమైన ఫలితం చూపించాడు. ఒక వాయువును చాలినంత చల్లబరిస్తే దాని పరమాణువులు విడివిడిగా మెలగడం మాని, అన్నీ కలిసి ఒకే మహాపరమాణువులా ప్రవర్తిస్తాయి. దానికి కావలసిన చల్లదనం ఎవరివల్లా కాలేదు. బోస్ 1974లో కన్నుమూశాడు. తన లెక్క వాయువులో రుజువు కావడం ఆయన చూడలేదు.

ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు ఆ పని ఎలా సాధించారు? రెండు మెట్లలో. గదిలో ఉన్న రుబీడియం పరమాణువు గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. వేడి అంటే ఈ పరుగే. పరుగు తగ్గితే చల్లబడినట్టే. మొదటి మెట్టులో అన్నివైపుల నుంచీ లేసర్ కిరణాలు పంపారు. ఎదురుగాలిలో సైకిలు తొక్కితే వేగం తగ్గిపోతుంది కదా! పరమాణువు ఎటు కదిలినా దానికి ఎదురుగా వచ్చే కాంతే ఎక్కువ తగిలేలా ఆ లేసర్ల రంగును సరిచేశారు. ఇవి ఖరీదైన లేసర్లు కూడా కావు. పాటలు వినే సీడీ ప్లేయర్లలో వాడే జాతివి.

రెండో మెట్టు మీ ఇంట్లోనే ఉంది: మట్టికుండ! కుండ గోడల్లోంచి చెమర్చిన నీటిలో, ఎక్కువ వేగంగా కదిలే అణువులు ఆవిరై ఎగిరిపోతాయి. నిదానంగా ఉన్నవి మిగులుతాయి. అందుకే కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి. కార్నెల్, వీమన్‌లు అయస్కాంత క్షేత్రంతో కంటికి కనిపించని కుండ చేశారు. ఎక్కువ వేగం ఉన్న పరమాణువులను రేడియో తరంగాలతో బయటికి తోలేశారు. మిగిలినవి చల్లబడ్డాయి. మళ్ళీ వేగంగా ఉన్నవాటిని తోలారు. చివరికి సుమారు రెండువేల పరమాణువులు, పరమశూన్యానికి ఒక డిగ్రీలో కోటి భాగాలు చేస్తే రెండు భాగాలకన్నా తక్కువ దూరంలో, ఒక్కటిగా కలిసిపోయాయి. బోస్, ఐన్‌స్టీన్‌ల ఊహ 71 సంవత్సరాలకు నిజమైంది. ఇద్దరికీ, ఇంకోచోట ఇదే పని చేసిన కెటర్లేకూ 2001లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ విద్యాలయంలో నోబెల్ అందుకున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. థామస్ చెక్, ఆర్.ఎన్.ఏ. తనను తానే కత్తిరించుకోగలదని చూపి 1989లో రసాయన బహుమతి పంచుకున్నాడు. కాంతి తరంగాలను అత్యంత ఖచ్చితంగా కొలిచే పద్ధతికి జాన్ హాల్ 2005లో భౌతిక బహుమతి పంచుకున్నాడు.

వీమన్‌కు మరో పిచ్చి ఉండేది: భౌతికశాస్త్రం పిల్లలకు ఎందుకు అర్థం కావడం లేదు? 2002లో విశ్వవిద్యాలయంలోనే 'ఫెట్' అనే పథకం మొదలుపెట్టాడు. కంప్యూటరు తెర మీద పరమాణువులను కదిలిస్తూ, తీగలు కలుపుతూ మీరే ప్రయోగాలు చేసుకోవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. వాటిలో చాలా తెలుగులో కూడా ఉన్నాయి. మీ బడిలో కంప్యూటరు ఉంటే మాస్టారిని అడగండి.

కంప్యూటరు లేదా? రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో పక్కపక్కన వేలాడదీయండి. పది నిమిషాల తరువాత రెండూ చూసి తేడా రాసుకోండి. ఎండాకాలంలో ఒకరోజు, వాన కురిసే రోజు ఒకసారి చేయండి. వానరోజున తేడా ఎందుకు తగ్గిందో, కుండను తలచుకుంటే మీకే తెలుస్తుంది.