నాయనమ్మ పట్టీలు, 925 లెక్క

మాది జి. కొండూరు. ఒక ఏడాది మామిడికాయ అమ్మిన డబ్బుతో తాతయ్య కొన్న వెండి పట్టీలు మొన్న తెగిపోయాయి. "కరిగించి మనవలందరికీ తలా ఒక నాణెం చేయించరా" అంది నాయనమ్మ. యూట్యూబ్ చూసి సులువే అనుకున్నా. చిక్కు లెక్కలో వచ్చింది.

స్టెర్లింగ్ అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది మామూలుగా రాగి. ఉత్త వెండి మరీ మెత్తన, అందుకే రాగి కలుపుతారు. బ్రిటిష్ కాలపు పాత వెండి రూపాయి కూడా దీనికి దగ్గరే: 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి.

మా పట్టీలు 70 గ్రాములు. 925 ముద్ర లేదు. కంసాలి గారు గీటురాయి మీద గీసి చూసి, 80 శాతం ఉంటుందన్నారు. అంటే వెండి 56 గ్రాములే. స్టెర్లింగ్ చేయాలంటే ఇంకెంత మేలిమి వెండి కలపాలి? దాన్ని 'క' అనుకుందాం.

56 + క = 0.925 × (70 + క)

క = 116.7 గ్రాములు! పట్టీల బరువు కంటే ఎక్కువ. అంత కలిపితే ఇక అవి నాయనమ్మ పట్టీలు ఎలా అవుతాయి?

కలపలేదు. కంసాలి గారు మూసలో వెలిగారం వేసి కరిగించారు. రేకు సాగగొట్టి, బిళ్ళలు కత్తిరించి, మళ్ళీ కాల్చి మెత్తబరిచి, అచ్చులో పెట్టి సుత్తితో కొట్టాం. ఐదు వచ్చాయి. ఒకవైపు మామిడికాయ, రెండోవైపు నాయనమ్మ పేరు. రూపాయి అని వేయలేదు, చట్టం ఒప్పుకోదు. 925 అనీ వేయలేదు, అబద్ధం అవుతుంది.

మీరూ చేయించాలనుకుంటే ముందు గీటు పెట్టించండి. కరిగాక కంట్రోల్ జెడ్ ఉండదు. అందుకే ఒక మువ్వ మాత్రం తీసి దాచాం.