చెట్టు కింద చెప్పులు

తెల్లారి ఐదు కాకముందే మా ఊరి హైస్కూలు గ్రౌండులో అడుగుల చప్పుడు మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో ఇది కొత్తేమీ కాదు. ఇంటికొకడు కాకపోయినా వీధికొకడు మిలటరీలో ఉన్న ఊళ్లు మా వైపు చాలానే ఉన్నాయి. నేను డ్రిల్లు మాస్టారిగా రిటైరై చాలా ఏళ్లయింది. నా ఈల, స్టాప్‌వాచీ మాత్రం ఇంకా రిటైర్ కాలేదు.

గ్రౌండు పక్కన ఒక వేపచెట్టు ఉంది. పిల్లలందరూ చెప్పులు, నీళ్ల సీసాలు దాని కింద వదిలేసి పరుగు అందుకుంటారు. ట్రాకు 400 మీటర్లు. నాలుగు రౌండ్లు తిరిగితే సైన్యం భర్తీ ర్యాలీలో పెట్టే 1,600 మీటర్లు పూర్తవుతాయి. అంటే ప్రతి రౌండులోనూ ఒకసారి ఆ చెప్పుల పక్కనుంచే పోవాలి. మొన్నామధ్య ఇంటర్ చదివే కుర్రాడొకడు మొదటి రౌండు 68 సెకన్లలో కొట్టాడు. రెండోది 90 పట్టింది. మూడో రౌండులో చెట్టు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే ట్రాకు వదిలి చెప్పులవైపు మళ్లాయి. కూలబడి, రెండు గుక్కల నీళ్లు తాగి, నన్ను చూసి అడిగాడు.

"మాస్టారూ, పారా కమాండో అవ్వాలంటే ఏటి చెయ్యాలి?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. "ముందు మూడో రౌండు పూర్తి చెయ్యాలిరా" అన్నాను. వెటకారం చేశాననుకుని తల దించుకున్నాడు. కానీ సైన్యంలోని ప్రత్యేక దళాల గురించి ఇన్నేళ్లలో నాకు అర్థమైనదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ రోజు వాడికి సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ చెబుతున్నాను.

కమాండో బ్యాడ్జీకి దారి ఎటు?

మనలో చాలామందికి పారా కమాండోల బ్యాడ్జీని పరిచయం చేసింది క్రికెట్. 2019 ప్రపంచకప్‌లో ధోనీ కీపింగ్ గ్లవ్స్ మీద కనిపించిన బాకు గుర్తు పారా స్పెషల్ ఫోర్సెస్ వాళ్ల 'బలిదాన్' చిహ్నం. దాన్ని తీసేయమని ఐసీసీ అనడంతో నాలుగు రోజులు టీవీల్లో అదే గొడవ. ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీ గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది. హోదా గౌరవానికి వచ్చినా, ఛాతీ మీద పారా రెక్కలు మాత్రం ఊరికే రాలేదు. 2015లో ఆగ్రా వెళ్లి, పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్లో శిక్షణ తీసుకుని, విమానంలోంచి ఐదుసార్లు దూకాక వచ్చాయి. ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్‌కు కూడా అందులో ఒక్క జంపు తగ్గించలేదు.

మరి మామూలు ఇంటి కుర్రాడికి దారేది? 'కమాండో కావలెను' అని నేరుగా సైన్యం ప్రకటన ఇస్తుందని కొందరి భ్రమ. ఆ భ్రమ మీద బతికే దళారులూ ఉన్నారు. డబ్బు తీసుకుని కమాండోను చేస్తానని ఎవడైనా అంటే వాడు మోసగాడు, అనుమానం అక్కర్లేదు. ముందు సైనికుడు కావాలి, ఆ తర్వాతే మిగతాదంతా. 2022 నుంచి జవాన్లుగా చేరే దారి అగ్నిపథ్. జనరల్ డ్యూటీకి పదో తరగతి 45 శాతం మార్కులతో పాసవ్వాలి. పదిహేడున్నర ఏళ్లు నిండాలి. పై వయసు ఎంతో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీ. గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్‌లలో ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులున్నాయి. సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత వాళ్లలో 25 శాతం మందిదాకా శాశ్వతంగా ఉంచుకుంటారు. ఆఫీసరు కావాలనుకుంటే ఇంటర్ తర్వాత ఎన్డీయే, డిగ్రీ తర్వాత సీడీఎస్ పరీక్షలున్నాయి.

యూనిఫాం ఒంటిమీదికి వచ్చాక పారాచూట్ రెజిమెంటుకు స్వచ్ఛందంగా ముందుకు రావాలి. అక్కడ నెలల తరబడి ప్రొబేషన్. నిలబడినవాడికి మెరూన్ రంగు బెరే టోపీ దక్కుతుంది, నిలబడలేనివాడు వేరే యూనిట్‌కు వెళ్తాడు. నౌకాదళంలో 1987లో పుట్టిన మార్కోస్‌దీ ఇదే పద్ధతి. వాళ్ల స్థావరాల్లో ఒకటైన ఐఎన్ఎస్ కర్ణ మన భీమునిపట్నం దగ్గరే ఉంది. వాయుసేనకు 2004 నుంచి గరుడ్ దళం ఉంది. మనం తరచూ వినే గ్రేహౌండ్స్ సైన్యం కాదు, పోలీసు దళం. అది 1989లో మొదలైంది.

దారి ఇంతే. ఫోనులో పది నిమిషాలు వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. నడిచేవాళ్లే తక్కువ.

హోదా పోయినవాడు వేసిన పునాది

మన సైన్యంలో ప్రత్యేక దళాల కథ ఒక పడిపోయిన మనిషితో మొదలైంది. 1965 పాకిస్తాన్ యుద్ధం నాటికి మేజర్ మేఘ్ సింగ్ లెఫ్టినెంట్ కల్నల్‌గా చేసి, కోర్టు మార్షల్ వల్ల ఒక మెట్టు కిందికి దిగిన అధికారి. మామూలుగా అలాంటి మనిషి ఏం చేస్తాడు? లోకాన్ని తిట్టుకుంటూ పెన్షన్ రోజులు లెక్కపెట్టుకుంటాడు. మేఘ్ సింగ్ మాత్రం పశ్చిమ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ హర్‌బక్ష్ సింగ్ ముందు నిలబడి, శత్రువు వెనక్కి వెళ్లి దెబ్బతీసే చిన్న దళాన్ని తయారు చేస్తానన్నాడు. వేర్వేరు యూనిట్ల నుంచి తమంతట తాము ముందుకొచ్చినవాళ్లను కూడగట్టాడు. ఆ దళానికి ఆయన పేరు మీదే మేఘదూత్ ఫోర్స్ అని పేరొచ్చింది. అది సరిహద్దు దాటి చేసిన దాడులు ఎంత పనికొచ్చాయంటే, పోయిన హోదా ఆయన భుజాల మీదికి తిరిగొచ్చింది, వీరచక్ర కూడా వచ్చింది. మరుసటి ఏడాది, 1966లో, ఆ అనుభవమే పునాదిగా 9 పారా కమాండో బెటాలియన్ ఏర్పడింది.

ఈ కథలో నాకు నచ్చేది దాడులు కాదు. ఆ మనిషి తన పడిపోవడాన్ని దాచుకోలేదు, దాన్నే పట్టుకుని వేలాడనూ లేదు. "నాకు జరిగిన అన్యాయం" అని మొదలుపెట్టకుండా "నేను చేయగలిగిన పని" అని మొదలుపెట్టాడు. పరీక్ష తప్పినవాడికీ, ఉద్యోగం పోయినవాడికీ ఈ రెండు వాక్యాల్లో ఏది ముందు నోట్లోంచి వస్తుందన్న దాన్నిబట్టే తర్వాతి పదేళ్లు ఉంటాయి.

తలుపు తెరిచే ఉంటుంది

వాలంటీర్ అంటే తనంతట తాను ముందుకొచ్చినవాడు. ప్రత్యేక దళాలకు ప్రాణం ఆ మాటే. ఎవరినీ బలవంతంగా అందులోకి తోయరు. వెళ్లిపోతానంటే ఆపరు. ప్రొబేషన్‌లో కుర్రవాడికి బరువైన కిట్ వీపు మీద ఉంటుంది. పది, ఇరవై, నలభై కిలోమీటర్ల నడకలు. నిద్ర సరిగా ఉండదు. అయినా అందరినీ ఓడించేది బరువో, దూరమో కాదంటారు ఆ దారి చూసినవాళ్లు. "వద్దు, వెళ్లిపోతాను" అన్న ఒక్క మాటకు వేడి అన్నం, మంచం, నిద్ర అన్నీ దొరుకుతాయన్న సంగతి ప్రతి నిమిషం తెలిసి ఉండటమే అసలు కష్టమట.

అవే చెట్టు కింద చెప్పులు.

ఒకసారి 'నాకు ఇష్టమే' అని సంతకం పెడితే సరిపోదు. పొద్దున బూట్లు తొడుక్కునేటప్పుడు మళ్లీ ఒప్పుకోవాలి. వానలో తడుస్తూ అర్ధరాత్రి లేచినప్పుడు ఇంకోసారి ఒప్పుకోవాలి. ఆరంభశూరులమని మనల్ని మనమే ఎగతాళి చేసుకుంటాం కదా. ఆరంభించడంలో తప్పు లేదు. ఆరంభం రోజు ఒప్పుకున్న మాటను ఇరవయ్యో రోజు మళ్లీ ఒప్పుకోకపోవడంలోనే తప్పంతా ఉంది. కొత్త ఏడాది డైరీ జనవరి పదో తేదీ దగ్గర ఆగిపోయేదీ, బ్యాంకు పరీక్షల పుస్తకం మూడో చాప్టరు దగ్గర మడత పెట్టి ఉండిపోయేదీ అందుకే.

లెక్క చూడండి. భర్తీ ర్యాలీలో 1,600 మీటర్లు ఐదు నిమిషాల ముప్పై సెకన్లలో పరిగెడితే 60కి 60 మార్కులు. నాలుగు రౌండ్లకు పంచితే రౌండుకు 82 సెకన్లు, ఆపైన అర సెకను. మా కుర్రాడు మొదటి రౌండు 68లో కొట్టి తన బలం చూపించుకున్నాడు. ఎవరికి చూపించాడు? గట్టు మీద కూర్చున్న నలుగురికి. ఆ పద్నాలుగు సెకన్ల గొప్ప కోసం మూడో రౌండు తాకట్టు పెట్టాడు. బలం ఉండటం వేరు, బలాన్ని అదుపులో పెట్టుకోవడం వేరు. గట్టు మీద ఎవరూ లేనట్టు మొదటి రౌండు 82లో పరిగెత్తగలిగినవాడే నాలుగో రౌండూ 82లో పరిగెత్తగలడు.

ఉతికిన సాక్సులు

నా దగ్గర పరుగు నేర్చుకున్న ఒక శిష్యుడు సైన్యంలో చేరాక ప్రొబేషన్‌కు వెళ్లాడు. సెలవుకు వచ్చినప్పుడు వాళ్లింట్లో ఒక దృశ్యం చూశాను. ఊరంతా తిరిగి వచ్చి, అరుగు మీద కూర్చుని బూట్లు విప్పాడు. అమ్మ కాఫీ తెచ్చి ఎదురుగా నిలబడినా చూడలేదు. కాలివేళ్ల మధ్య తడి తుడుచుకున్నాడు. మడమ మీద వేలితో నొక్కి చూసుకున్నాడు. గోళ్లు చూసుకున్నాడు. సాక్సులు అక్కడికక్కడే ఉతికి దండెం మీద ఆరేశాడు. ఆ తర్వాతే కాఫీ. "పెళ్లికొడుకులాగ ఆ కాళ్లేట్రా!" అని వాళ్లమ్మ నవ్వింది.

"ఒక్క బొబ్బ చాలు మాస్టారూ" అన్నాడు వాడు. "ముప్పై కిలోమీటర్ల నడకలో పదో కిలోమీటరు దగ్గర బొబ్బ లేస్తే, మిగతా ఇరవై కిలోమీటర్లూ దాని గురించే ఆలోచిస్తాం. అలిసిపోయినప్పుడు పెద్ద పనులు ఎవడైనా చేస్తాడు. చిన్న పనులు వదిలేస్తాం. అక్కడే దొరికిపోతాం."

ఆ మాట నేను నా పాత డైరీలో రాసుకున్నాను. ధైర్యం అంటే గుండె దిటవు అనుకుంటాం. సగం ధైర్యం సాక్సులు ఉతుక్కోవడంలో ఉంటుంది. రేపటి ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లు రాత్రే సర్దుకున్నవాడి గొంతు పొద్దున వణకదు. నెలాఖరు లెక్క ఏరోజుకారోజు రాసుకున్న దుకాణదారు ఆడిట్ అంటే భయపడడు. అలసట వచ్చినప్పుడు కూడా తప్పని అలవాటే స్వభావం.

ఇంకో మాట. ఆ దళాల్లో ఎవడూ ఒంటరిగా పనిచేయడు. 'బడ్డీ' అని ఒకడు జతగా ఉంటాడు. వీడి కిట్ వాడు చూస్తాడు, వాడి ప్రాణం వీడు చూస్తాడు. సినిమాలో కమాండో ఒక్కడే వందమందిని కొడతాడు. నిజం సైన్యంలో తన పక్కవాడు వెనకబడ్డాడని కూడా గమనించనివాడు ఎంత వేగంగా పరిగెత్తినా పనికిరాడు.

తిరిగొచ్చినవాళ్ల సంగతి

ఇది దాచకుండా చెప్పాలి. వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఆ టోపీ లేకుండానే వెనక్కి వస్తారు. సాక్సులు ఉతికిన మా శిష్యుడూ వచ్చేశాడు. మోకాలు సహకరించలేదు. ఇప్పుడు మామూలు బెటాలియన్‌లో హవల్దారు. ఓడిపోయావా అని అడిగితే, "లేదు మాస్టారూ, నా అంచు ఎక్కడుందో చూసొచ్చాను. చాలామంది దాని దాకా కూడా వెళ్లరు" అన్నాడు.

టోపీ దక్కినవాళ్ల దారీ పూలబాట కాదు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం నుంచి వెళ్లి పారా స్పెషల్ ఫోర్సెస్‌లో చేరిన లాన్స్ నాయక్ సాయితేజ, 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలినప్పుడు త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌తోపాటు కన్నుమూశారు. బలిదాన్ అంటే గ్లవ్స్ మీద అలంకారం కాదని మన జిల్లాలకు అలా తెలిసింది. 2008 ముంబై దాడుల్లో తాజ్ హోటల్లోకి వెళ్లిన మార్కోస్ కమాండో ప్రవీణ్ తెవాతియా ఊపిరితిత్తుల్లోకి తూటాలు దూసుకెళ్లినా బతికి, శౌర్యచక్ర అందుకుని, అదే ఊపిరితో తర్వాత మారథాన్లు, ఐరన్‌మ్యాన్ పోటీ పూర్తి చేశారు. ఇవన్నీ తెలిసి కూడా వెళ్తానంటేనే వెళ్లాలి. రీల్స్ చూసి, టోపీ రంగు చూసి కాదు.

ఇది చదివేవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మంది సైన్యంలో చేరరు. ఫర్వాలేదు. మీ ట్రాకు పక్కన కూడా ఒక చెట్టు ఉంటుంది, దాని కింద మీ చెప్పులు ఉంటాయి. వాటిని అక్కడినుంచి తీసి దాచేయమని నేను చెప్పను. కనబడకుండా చేస్తే అది గెలుపు కాదు. కనబడుతున్నా దాటిపోవాలి. అదీ ఒక్కసారి కాదు, రౌండు రౌండుకీ.

నిన్న పొద్దున ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. మొదటి రౌండు 88. గట్టు మీద నలుగురు నవ్వారు, వాడు చూడలేదు. మూడో రౌండులో చెట్టు దగ్గరికి వచ్చేసరికి తల కొంచెం అటు తిరిగింది. కాళ్లు మాత్రం తిరగలేదు. నాలుగో రౌండు పూర్తయ్యేసరికి నా వాచీలో ఆరు నిమిషాల రెండు సెకన్లు. ఇంకా 32 సెకన్లు తగ్గాలి. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను.

వాడు నా దగ్గరికి రాలేదు. చెట్టు కింద నీళ్ల సీసా తీసుకుని, మూత కూడా విప్పకుండా, ట్రాకు అవతలి మలుపులో మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయిన ఇంకొక కుర్రాడి దగ్గరికి నడిచాడు.

32 సెకన్ల సంగతి రేపు చెప్పొచ్చులే అనుకుని వాచీ జేబులో పెట్టుకున్నాను.