వేళ్ళు చూసి నీళ్ళు పొయ్యి

అమ్మలూ,

ఫొటో చూశాను. నీ దగ్గరికొచ్చింది చిన్నరకం ఫెలనాప్సిస్, సంకర జాతి ఆర్కిడ్. ఆకులు గట్టిగా ఉన్నాయి, పూలకాడకు ఇంకా మొగ్గలున్నాయి. వారానికోసారి నీళ్ళు పోస్తే చాలా అని అడిగావు. ఆ మాటకోసమే ఈ ఉత్తరం. వారాలు లెక్కపెట్టకు తల్లీ, వేళ్ళను చూడు.

నీ కుండీ పారదర్శకంగా ఉంది, అది మంచిదైంది. ఈ మొక్క వేళ్ళమీద స్పంజిలాంటి పొర ఉంటుంది. ఎండినప్పుడు అది వెండిరంగులో కనిపిస్తుంది. నీళ్ళు తగలగానే, నువ్వు చూస్తుండగానే, ఆకుపచ్చకు తిరుగుతుంది. కుండీ గోడకు ఆనిన వేళ్ళు వెండిరంగుకు వచ్చాకే పొయ్యి. పచ్చగా ఉంటే ఆగు. అంత చిన్న కుండీ ఏసీ గదిలో నాలుగు రోజులకే ఎండిపోవచ్చు, శ్రావణం ముసురులో పది రోజులైనా ఆరకపోవచ్చు. అడవిలో ఇది చెట్లమీద, గాలిలో వేళ్ళు వదిలి బతికే మొక్క. ఆ వేళ్ళకు గాలి అందకపోతే కుళ్ళిపోతాయి. అందుకే మట్టిలో ఎప్పుడూ నాటకు. బెరడు ముక్కలు, కాస్త బొగ్గు చాలు.

పొద్దున్నే సింకులో పెట్టి, అడుగునుంచి ధార కారేదాకా పోసి, పూర్తిగా ఓడ్చెయ్యి. మొవ్వులో మాత్రం చుక్క నిలవకూడదు. దీని పూర్వీకుల్లో ఒకటైన ఫెలనాప్సిస్ ఈక్వెస్ట్రిస్ ఫిలిప్పీన్స్‌లో కొమ్మలకు వాలుగా వేలాడుతుంది, వాన పడినా నీరు జారిపోతుంది. మనం కుండీలో నిటారుగా నిలబెట్టాం కాబట్టి నీరు నడుమ చేరుతుంది, అక్కడే మొవ్వు కుళ్ళు మొదలవుతుంది. టిష్యూ కాగితం కొస మెలిపెట్టి అద్దేస్తే సరిపోతుంది. పొట్టితనం, ఒక్క కాడకే బోలెడు పూలు రావడం కూడా ఈ ఈక్వెస్ట్రిస్ ఇచ్చిన గుణాలే. ఫెలనాప్సిస్‌లో మనుషులు చేసిన తొలి సంకరానికి కూడా ఇదే ఒక జనకమొక్క. ఇంగ్లండులో వీచ్ నర్సరీవాళ్ళు 1886లో దాన్ని పూయించారు.

బోరు నీళ్ళు వద్దు, ఉప్పుకు వేళ్ళ కొసలు మాడతాయి. వాన నీళ్ళు పట్టిపెట్టుకో, లేకపోతే ఆర్వో నీళ్ళు పొయ్యి. రెండు వారాలకోసారి లీటరు నీటిలో అర గ్రాము 19:19:19 ఎరువు కలిపి ఇవ్వు, అదీ వేళ్ళు తడిసి ఉన్నప్పుడే.

వెలుతురుకు తూర్పు కిటికీ మంచిది. ఎండ ముదిరాక పలచటి కర్టెన్ లాగు. ఆకులు మరీ ముదురు పచ్చగా మారితే వెలుతురు చాలడం లేదని, అంచులు ఎర్రబడితే ఎక్కువైందని అర్థం.

పూయడం మళ్ళీ వేరే సంగతి. వేడి 28 డిగ్రీలు దాటి ఉన్నన్నాళ్ళూ ఇది ఆకులు వేస్తుందే గాని కాడ వేయదు. పగలు 25, రాత్రి 20 దగ్గర కొన్ని వారాలు ఉండాలి. హైదరాబాదులో కార్తీకం దాటాక అలాంటి రోజులే వస్తాయి, మా విశాఖ ఉక్కలో నేను కోరుకున్నా దొరకవు. ఆ చల్లటి రోజుల్లో కిటికీకి దగ్గరగా ఉంచు. మరీ 15 లోపుకు పడే రాత్రులు మాత్రం లోపలికి జరుపు. ఆకు మొదట్లో ఏదో పొడుచుకొస్తే జాగ్రత్తగా చూడు. కొస గుండ్రంగా నునుపుగా ఉంటే వేరు. కాస్త చదునుగా, ఒకపక్క నొక్కుతో ఉంటే పూలకాడ. అది కనబడ్డాక కుండీని తిప్పకు, మొగ్గలు వెలుతురు వైపే తిరుగుతాయి. మామిడికాయలు మగ్గేసిన గదిలో కూడా పెట్టకు. పండే పళ్ళనుంచి వచ్చే ఇథిలిన్ వాయువుకు మొగ్గలు పసుపెక్కి రాలతాయి.

ఆకుల అడుగున దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచెయ్యి, నాలుగైదు రోజులకోసారి, పూర్తిగా కనబడకుండా పోయేదాకా.

పూలు రాలాక కాడ పచ్చగా ఉంటే చాలామంది కణుపు పైన కత్తిరించి మళ్ళీ పూయిస్తారు. మొక్కకు మూడు ఆకులే ఉంటే ఆ ఆశ వద్దు, మొదటికంటా కోసి బలం కూడదీసుకోనివ్వు. ఈక్వెస్ట్రిస్ రక్తం ఉంది కాబట్టి కణుపు దగ్గర పిలక రావచ్చు. దాని వేళ్ళు రెండు అంగుళాలయ్యాక విడదీద్దాం.

బెరడు రెండేళ్ళకు మెత్తబడుతుంది. ఈ పూలు అయిపోయాక నేను వస్తాను, కుండీ మార్చేద్దాం. బెరడు, బొగ్గు నేనే తెస్తాను, నువ్వు పదునైన కత్తెర, దాని అంచు కాల్చడానికి అగ్గిపెట్టె సిద్ధంగా ఉంచు.

మీ పెద్దమ్మ