అంతర్జాలంలోని బోధన వనరులు - అధ్యాపకుని కర్తవ్యం

విద్యాబోధనకు ఉపకరణాలు కొత్తవి కావు. ఇసుకలో అక్షరాలు దిద్దించిన నాటి నుండి పలక, నల్లబల్ల, గోడపటం, గ్లోబు, ప్రయోగశాల వరకు ప్రతి తరమూ తనకు అందిన సాధనాన్ని తరగతి గదిలోనికి తెచ్చుకున్నది. నేటి తరానికి అందివచ్చిన సాధనం కంప్యూటర్. దాని వెనుక ఉన్న భాండాగారం అంతర్జాలం. ఆ భాండాగారంలో ఏమున్నది, దానిలో నుండి ఏది గ్రహించాలి, గ్రహించినదానిని ఉర్దూ, తెలుగు మాధ్యమాలలో చదివి వచ్చిన విద్యార్థికి ఏ విధంగా అందించాలి అన్న మూడు ప్రశ్నలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడవ ప్రశ్న మనకు మిక్కిలి ముఖ్యమైనది. పదవ తరగతి వరకు ఉర్దూలోనో తెలుగులోనో చదివిన విద్యార్థి కళాశాలలో అడుగుపెట్టగానే ఇంగ్లీషు పాఠ్యగ్రంథాన్ని ఎదుర్కొంటాడు. అధ్యాపకుడు అంతర్జాలం నుండి తెచ్చి తెరపై చూపే పాఠం కూడా ఇంగ్లీషులోనే సాగినప్పుడు అతనికి భారం రెట్టింపవుతుంది. నల్లబల్ల దగ్గర నిలిచి చెప్పే గురువును ఆపి ప్రశ్నించవచ్చు. తెరపై మాట్లాడే మనిషిని ప్రశ్నించలేము. తెర వెలిగినంత మాత్రాన విషయం వెలగదు.

పూర్వరంగం

దృశ్య శ్రవణ సాధనాల ద్వారా దూరప్రాంతాలకు పాఠాలు అందించే ప్రయత్నం మన దేశంలో అర్ధ శతాబ్దం నాటిది. 1975 ఆగస్టు 1న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికాకు చెందిన నాసా సహకారంతో, ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగాన్ని ప్రారంభించింది. సైట్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ ప్రయోగం ఒక సంవత్సరం పాటు 6 రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో జరిగింది. ఆ రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసార భాషలలో తెలుగు ఒకటి. ఆ తరువాత 1984 ఆగస్టు 15 నుండి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం కళాశాల విద్యార్థుల కొరకు టెలివిజన్ పాఠాలను ప్రసారం చేయించింది. 2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుండి కేవలం విద్యావసరాల కొరకే రూపొందిన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు.

తొలినాటి ప్రసారాలకు ఒక పరిమితి ఉండేది. ప్రసార సమయం ఎక్కడో నిర్ణయమయ్యేది. పాఠం ఎవరో నిర్మించేవారు. తరగతి గదిలోని అధ్యాపకుడు సైతం విద్యార్థులతోపాటు ఒక ప్రేక్షకుడే. అంతర్జాలం ఈ స్థితిని మార్చింది. నేడు అధ్యాపకుడు పాఠాన్ని తన వేళకు తెచ్చుకొనవచ్చు, మధ్యలో ఆపవచ్చు, అవసరమైన అయిదు నిమిషాలనే చూపవచ్చు, అనుమతి ఉన్నచోట మార్చవచ్చు కూడా. ప్రేక్షకుడు తిరిగి ఉపాధ్యాయుడైనాడు. ఇది గొప్ప అవకాశం. అంతే గొప్ప బాధ్యత.

వనరుల స్వరూపం

ఈ వనరులను నాలుగు తెగలుగా విభజించుకోవచ్చు.

మొదటిది ఉపన్యాస పాఠాలు. 2003లో ఏడు ఐ.ఐ.టీ.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని ప్రారంభించినవి. 2017 జూలై 9న ప్రారంభమైన స్వయం వేదికపై డిగ్రీ స్థాయి పాఠ్యక్రమాలు ఉచితంగా లభిస్తున్నవి. అంతర్జాల సౌకర్యం లేని ఇండ్లకు స్వయంప్రభ టెలివిజన్ ఛానళ్ళు ఉన్నవి.

రెండవది పాఠశాల స్థాయి సామగ్రి. 2015లో ఈ-పాఠశాల, 2017 సెప్టెంబర్ 5న దీక్ష ప్రారంభమైనవి. పాఠ్యపుస్తకంలో ముద్రించిన చదరపు క్యూఆర్ సంకేతాన్ని సెల్‌ఫోన్‌తో చూచినట్లయితే ఆ పాఠానికి సంబంధించిన దృశ్యాలు, అభ్యాసాలు తెరుచుకొనేటట్లు దీక్షలో ఏర్పాటు చేసినారు. కళాశాల అధ్యాపకులు దీనిని చిన్నపిల్లల సామగ్రి అని తోసిపుచ్చరాదు. పునాది బలహీనంగా ఉన్న విద్యార్థికి తొమ్మిదవ తరగతి పాఠమే మొదటి మెట్టు.

మూడవది ప్రయోగాల అనుకరణలు. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే పథకాన్ని నెలకొల్పినాడు. తీగలు, ఘటాలు, కటకాలు, లోలకాలు తెరపై కదిలించి పరిశీలించే సౌకర్యం ఇందులో ఉచితంగా లభిస్తుంది. గణితానికి జియోజీబ్రా ఇటువంటిదే. మన దేశంలో అమృత విశ్వవిద్యాలయం, సి-డాక్ కలిసి రూపొందించిన ఓల్యాబ్స్ పాఠశాల ప్రయోగాలను ఈ పద్ధతిలోనే అందిస్తున్నది.

నాలుగవది భాషా వనరులు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో ఆరంభమైనవి. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం తన మాధ్యమ కేంద్రం ద్వారా ఉర్దూలో దృశ్యపాఠాలను నిర్మిస్తున్నది. 2015లో ఆరంభమైన క్లిక్స్ అనే పథకం తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాలలో నడిచి, ఉన్నత పాఠశాల గణిత, విజ్ఞాన పాఠాలను తెలుగులో కూడా సిద్ధం చేసింది.

ఒక పాఠం ద్వారా నిదర్శనం

వనరు వేరు, పాఠం వేరు. ఈ భేదాన్ని విద్యుత్ వలయాల పాఠంతో గ్రహించవచ్చు.

ఫెట్‌లోని వలయ నిర్మాణ అనుకరణను తెరిచి, 9 వోల్టుల ఘటానికి 10 ఓముల నిరోధాన్ని కలిపితే అమ్మీటరు 0.9 ఆంపియరు చూపుతుంది. అటువంటి నిరోధాన్నే మరొక దానిని శ్రేణిలో కలిపితే విద్యుత్ ప్రవాహం 0.45 ఆంపియరుకు తగ్గుతుంది. ఈ రెండు అంకెలను తెరపై చూపి ముగించినట్లయితే అది వినోదమే గాని పాఠం కాదు.

శ్రద్ధగల అధ్యాపకుడు మొదట తెరను తెరవడు. నల్లబల్లపై రెండు నిరోధాలు గల వలయాన్ని గీసి, "మొదటి నిరోధాన్ని దాటిన తరువాత విద్యుత్ ప్రవాహం తగ్గుతుందా, పెరుగుతుందా, అంతే ఉంటుందా?" అని అడుగుతాడు. ప్రతి విద్యార్థి చేత సమాధానం వ్రాయిస్తాడు. తగ్గుతుందని వ్రాసేవారే తరచు ఎక్కువమంది ఉంటారు. మొదటి నిరోధం కొంత ప్రవాహాన్ని మింగివేస్తుందన్న భ్రమ ప్రపంచమంతటా విద్యార్థులలో కనిపించేదే. అప్పుడు తెర తెరిచి, అమ్మీటరును మొదటి నిరోధానికి ముందు ఒకసారి, రెండింటి నడుమ ఒకసారి, చివర ఒకసారి ఉంచి చూపుతాడు. మూడు చోట్లా 0.45 ఆంపియరే! తన ఊహ తప్పని తానే కనుగొన్న విద్యార్థి ఆ విషయాన్ని మరువడు.

పాఠం అంతటితో ముగియదు. ఈ అనుకరణలో మామూలుగా తీగల నిరోధం, ఘటపు అంతర్నిరోధం లెక్కకు రానంత స్వల్పం. నిజమైన ఘటం అట్లా ప్రవర్తించదు. నిజమైన బల్బు తీగ వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. కావున ఓము నియమం దానికి యథాతథంగా వర్తించదు. ఈ సంగతి తెలియడానికి ప్రయోగశాలలో చేతితో తీగ కలపవలసిందే. తెర ప్రయోగశాలకు తోడు. ప్రయోగశాలకు బదులు కాదు.

పరిశోధన ఫలితం

ఈ మాటకు మన దేశంలో జరిగిన పరిశోధన ఆధారమున్నది. ఆర్థికశాస్త్రవేత్త లీ లిండెన్ గుజరాత్‌లోని జ్ఞానశాల పాఠశాలలలో 2వ, 3వ తరగతుల పిల్లలకు కంప్యూటర్ ద్వారా గణితం నేర్పిన ఫలితాలను పరిశీలించి 2008లో ప్రకటించినాడు. ఉపాధ్యాయుని బోధనా సమయాన్ని తగ్గించి కంప్యూటరుకు ఇచ్చినచోట పిల్లల అభ్యసనం దెబ్బతిన్నది. అదే కార్యక్రమాన్ని తరగతి ముగిసిన పిదప, ఉపాధ్యాయుని బోధనకు అదనంగా నడిపినచోట ప్రయోజనం కనిపించింది. యంత్రం ఒక్కటే, కార్యక్రమం ఒక్కటే. ఫలితాలు మాత్రం పరస్పర విరుద్ధం. భేదం యంత్రంలో లేదు, దానికి మనం ఇచ్చిన స్థానంలో ఉన్నది.

భాష, లిపి

హైదరాబాదు చరిత్రలో మనకు ఆదర్శప్రాయమైన ఘట్టం ఒకటి ఉన్నది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య నేర్పుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో నెలకొన్నది. దానికి ముందే, 1917లో, దారుత్తర్జుమా అనే అనువాద విభాగం ఏర్పడింది. విద్యార్థి చేతిలో పెట్టవలసిన గ్రంథం అతని భాషలో సిద్ధం కావాలని ఆనాటివారు గుర్తించినారు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించి ఆ సేవనే చేసింది. ఆనాడు గ్రంథాలకు జరిగిన కృషి నేడు అంతర్జాల వనరులకు జరగవలసి ఉన్నది.

యంత్రానువాదం ఉన్నది గదా అని కొందరు అనవచ్చు. అది ఉపయోగకరమే, కాని సంస్కర్త లేకుండా దానిని విడువరాదు. భౌతికశాస్త్రంలోని కరెంట్ అన్న మాట సందర్భం తప్పితే తెలుగులో "ప్రస్తుత" అనీ, ఉర్దూలో "మౌజూదా" అనీ మారే ప్రమాదమున్నది. సరియైన మాట తెలుగులో విద్యుత్ ప్రవాహం, ఉర్దూలో బర్ఖీ రౌ. నిరోధానికి ఉర్దూలో మజాహమత్ అంటారు. పాఠానికి ముందు పది పారిభాషిక పదాలను ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూలలో బల్లపై వ్రాసి ఉంచినట్లయితే ఇంగ్లీషు దృశ్యపాఠం కూడా సగం సుబోధకమవుతుంది.

లిపి విషయం కూడా చెప్పవలసి ఉన్నది. తెలుగు అధ్యాపకులు పలువురు అను ఫాంట్లలో, ఉర్దూ అధ్యాపకులు ఇన్‌పేజ్‌లో నోట్సు సిద్ధం చేసుకొనుట పరిపాటి. అచ్చు వేయుటకు అవి చక్కనివే. కాని అను ఫాంటు లేని కంప్యూటరులో ఆ తెలుగు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. పాత ఇన్‌పేజ్ ఫైలు ఇన్‌పేజ్ లేనిచోట తెరుచుకొనదు. యూనికోడ్ విధానంలో వ్రాసినది ఏ యంత్రంలోనైనా చదువవచ్చు, వెదకవచ్చు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. ఇకనైనా మన నోట్సును యూనికోడ్‌లో వ్రాసుకొనుట శ్రేయస్కరం.

ఎంపికకు అయిదు ప్రశ్నలు

ఏ వనరునైనా తరగతిలోనికి తెచ్చేముందు అధ్యాపకుడు తన్ను తాను ఈ అయిదు ప్రశ్నలు వేసుకోవాలి.

1. దీనిని ఎవరు తయారుచేసినారు? అందులోని విషయాన్ని పాఠ్యగ్రంథంతో సరిచూచితినా?

2. ఈనాటి పాఠంలో ఏ చిక్కును ఇది విప్పుతుంది? సుద్దముక్కతో అంతే చక్కగా చెప్పగలిగినప్పుడు తెర అనవసరం.

3. నా విద్యార్థికి దీని భాష అందుతుందా? అందకుంటే నేను ఏమి చేర్చాలి?

4. అంతర్జాలం ఆగిపోతే ఇది పనిచేస్తుందా? ఫెట్ అనుకరణల వంటివాటిని ముందే దించుకొనవచ్చు. అంతర్జాలం లేకున్నా అవి నడుస్తాయి.

5. మార్చుకొని పంచుటకు అనుమతి ఉన్నదా? 2002లో వెలువడిన క్రియేటివ్ కామన్స్ అనుమతి పత్రాలు ఈ సంగతిని స్పష్టంగా తెలుపుతాయి. కర్త పేరు చెప్పి వాడుకొమ్మనేవి కొన్ని, వ్యాపారానికి వాడరాదనేవి కొన్ని. మార్పు చేసిన ప్రతిని పంచరాదనే షరతు ఉన్నప్పుడు, కర్త అనుమతి లేనిదే దాని అనువాదాన్ని మనం పంచరాదు. ఉచితంగా దొరికినదంతా స్వేచ్ఛగా వాడదగినది కాదు.

పాలక సంఘానికి, విద్యార్థులకు మనవి

కళాశాలలు నిధులు దొరికినప్పుడు ముందుగా పెద్ద తెరలు కొనుట సహజం. తెర అవసరమే. కాని తెర కొన్న ధనం ఒకసారి వెచ్చించేది. దానిపై చూపదగిన పాఠాన్ని సిద్ధం చేసే కాలం ప్రతి వారం వెచ్చించవలసినది. అధ్యాపకునికి వారానికి రెండు గంటల తీరిక కల్పించి, ఒక్కొక్క శాఖ సంవత్సరానికి పది పాఠాలను రెండు భాషలలో సిద్ధం చేయాలని పాలక సంఘం నియమిస్తే మంచిది. ఆ పాఠాలను గ్రంథాలయంలోని ఒక కంప్యూటరులో భద్రపరచినట్లయితే ఇంట అంతర్జాలం లేని విద్యార్థి కూడా వచ్చి చూచుకొనగలుగుతాడు. అధ్యాపకుడు బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా, అతని శ్రమ కళాశాలలో నిలుస్తుంది.

ఈ పనిలో విద్యార్థుల పాత్ర తక్కువ కాదు. ఒకే బెంచీపై ఉర్దూ చదివినవాడు, తెలుగు చదివినవాడు పక్కపక్కన కూర్చునే కళాశాల మనది. ఇది ఇతర కళాశాలలకు లేని సంపద. ఇద్దరూ కలిసి ఒక పాఠానికి పదకోశం తయారుచేస్తే, అధ్యాపకుడు దానిని దిద్దితే, మరుసటి సంవత్సరం వచ్చే తమ్ములకు, చెల్లెండ్రకు అది దారి చూపుతుంది. అనువదించినవాడు తాను ముందుగా నేర్చుకుంటాడన్నది అనుభవసిద్ధమైన విషయం.

అంతర్జాలం ఒక మహాసముద్రం. అందరూ అందులో నుండి ఒకే నీటిని తోడుకొనవచ్చు. కాని దాహంతో ఉన్నవాని దోసిలికి దానిని అందించవలసినది మనిషి చేయి. ఆ చేయి అధ్యాపకునిది. దానికి బలాన్నివ్వడం పాలక సంఘానిది. ఆ దోసిలి చాచి నిలుచుట విద్యార్థిది. ఈ ముగ్గురూ తమ తమ కర్తవ్యాన్ని నెరవేర్చిననాడు ఉర్దూలో ఆలోచించే విద్యార్థి గాని, తెలుగులో ఆలోచించే విద్యార్థి గాని జ్ఞానానికి దూరంగా నిలువవలసిన అగత్యం ఉండదు.