థ్రాటిల్ సంగతి చెప్పే మూడో తీగ

సిగ్నల్ దగ్గర ఆగిన కారు మళ్లీ కదిలేటప్పుడు ఎక్కిళ్లు వచ్చినట్టు కుదుపుతుంది. పెడల్ ఇంకాస్త నొక్కితే మామూలుగానే పరుగెడుతుంది. లారీని దాటే సమయంలో ఇలా జరిగితే ప్రమాదమే. స్పార్క్ ప్లగ్గులు, ఇంధన పంపు మార్చేసే ముందు థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను మల్టీమీటర్‌తో పరీక్షించడం మేలు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే గుండ్రటి బిళ్లే థ్రాటిల్. దాని ఇరుసుకు బిగించిన ఈ సెన్సర్, పాత ఎంపీఎఫ్ఐ కార్లు చాలావాటిలో ఒక పొటెన్షియోమీటర్. అంటే పాత రేడియోలో వాల్యూమ్ మీట లాంటిదే. నిరోధక పట్టీకి ఒక చివర 5 వోల్టులు, రెండో చివర గ్రౌండ్. పట్టీపై జారే లోహపు ముక్క గ్రౌండ్ చివర నుంచి పదో వంతు దూరంలో ఉంటే మూడో తీగలో 0.5 వోల్టు వస్తుంది. ఇంజిన్ వేడికి పట్టీ నిరోధం మారినా, ఆ ముక్కకు రెండు వైపులా ఒకే నిష్పత్తిలో మారుతుంది. అందుకే వోల్టేజీ దాదాపు చెక్కుచెదరదు. కొలిచేది నిరోధాన్ని కాదు, నిష్పత్తిని. ఈ డిజైన్‌లోని తెలివంతా ఇదే.

పరీక్షకు ఇంజిన్ స్టార్ట్ చేయనక్కర్లేదు, తాళం ఆన్‌లో ఉంటే చాలు. ముందుగా 5 వోల్టులు, గ్రౌండ్ సరిగా అందుతున్నాయో చూడాలి. అవి లేకపోతే లోపం సెన్సర్‌ది కాదు. తర్వాత మూడో తీగ. థ్రాటిల్ మూసినప్పుడు సుమారు 0.5, పూర్తిగా తెరిస్తే 4.5 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. కచ్చితమైన విలువ ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోనే దొరుకుతుంది. థ్రాటిల్‌ను మెల్లగా తెరుస్తుంటే వోల్టేజీ ఎక్కడా తడబడకుండా పెరగాలి. మధ్యలో సున్నాకు పడిపోతే అక్కడ పట్టీ అరిగిందన్నమాట. ఊళ్లో నడిపే కారులో ఆ ముక్క ఎక్కువగా మొదటి భాగంలోనే తిరుగుతుంది కాబట్టి అరుగుదలా అక్కడే ఎక్కువ. డిజిటల్ మీటర్ సెకనుకు కొన్నిసార్లే అంకె మారుస్తుంది, క్షణకాలపు పతనాన్ని దాటేయవచ్చు. ఇక్కడ పాత ముల్లు మీటరే నయం.

అరిగిన పట్టీని సర్దుబాటు బాగు చేయదు, సెన్సర్ మార్చాల్సిందే. పట్టీ బాగుండి, మూసినప్పటి వోల్టేజీ మాత్రమే తేడాగా ఉంటే, స్క్రూ రంధ్రాలు పొడవుగా ఉన్న రకాల్లో సవరించవచ్చు. స్క్రూలు వదులు చేసి, సెన్సర్‌ను కొద్దిగా తిప్పి, సరైన విలువ రాగానే బిగించాలి. బిగించేటప్పుడు అది కదులుతుంది, కాబట్టి మళ్లీ కొలవాలి. పక్కనే ఉండే థ్రాటిల్ స్టాప్ స్క్రూ ఫ్యాక్టరీలో అమర్చినది, దాని జోలికి పోకూడదు.

పెడల్‌కు కేబుల్ లేని కొత్త కార్లలో ఈ సర్దుబాటు ఉండదు. వాటిలో బిళ్లను మోటారే తిప్పుతుంది, తాళం ఆన్‌లో ఉండగా అక్కడ వేలు పెడితే నలిగిపోవచ్చు.